మామూలు ఆటగాడి తీర్పు

ఇల్లు, హాల్లో టీవీ ఎదురుగా
సోమవారం

అమ్మడూ,

మీ అన్నయ్య ఆజ్ఞ ప్రకారం కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. నిన్న మనిద్దరం గుర్రాల ఆట గురించి ఫోన్లో అరుచుకున్నాక ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. "ఇక మీదట ఈ ఇంట్లో ఆటల గురించి ఫోన్లో ఒక్క మాట వినపడినా నేను ఆఫీసులోనే పడుకుంటాను. కొట్టుకోవాలంటే కాగితం మీద కొట్టుకోండి, చప్పుడుండదు" అన్నారు. మెసేజులు కూడా వద్దట, అవి టింగుటింగుమంటాయట. వదినా మరదళ్ళన్నాక ఆ మాత్రం అనుకోరా? వారపత్రికలో వీడియో గేముల మీద తీర్పులు రాసి బతికే పెళ్ళాం, ఆ గేములే తయారుచేసి బతికే చెల్లెలు ఒకే మనిషికి దొరకడం ఆయన రాత. దానికి మనమేం చేస్తాం!

ఈ వారం నా నెత్తిన పడ్డ సరుకు చెబుతాను, నా బాధ నీకైనా అర్థమవుతుంది. మొదటిది వ్యవసాయం ఆట. గులాబీ రంగు ఆకాశం, బుగ్గలున్న కోడిపిల్లలు, మనశ్శాంతి గ్యారంటీ అని పెట్టె మీద రాశారు. ఒక్క టమాటా మొక్కకి నీళ్ళు పొయ్యాలంటే చెంబు తియ్యాలి, నింపాలి, వంగాలి, పొయ్యాలి, మళ్ళీ లేవాలి. ప్రతిదానికీ ఒక బటన్. చివర్లో తీర్పు చెప్పే మా మామూలు ఆటగాడు అన్న మాట యథాతథంగా అచ్చేశాను: "ఇంట్లో ఇంత పనుండగా ఈ పని కూడా నేనే చెయ్యాలా?" తీర్పు, వదిలేయండి. రెండోది యుద్ధం. కనపడ్డవాడినల్లా కాల్చడమే. "చచ్చినవాళ్ళందరికీ ఒకటే మొహం. బొమ్మలు గీసినవాడికి బద్ధకం" అని మామూలు ఆటగాడి ఉవాచ. అదీ వదిలేయండే. మూడోది రాజ్యం పోగొట్టుకున్న రాజు కథ. పూర్తిచేసేసరికి నా తలప్రాణం తోకకి వచ్చింది. ఆ మహానుభావుడు దారిలో ఎదురైన ప్రతివాడి తప్పిపోయిన పిల్లినీ వెతికి పెడతాడు తప్ప రాజ్యం జోలికి పోడు. నాలుగోది మాత్రం సామాను సర్దే ఆట, ఇల్లు మారినవాళ్ళ గిన్నెలూ పుస్తకాలూ కొత్త అలమరలో పట్టించాలి. మామూలు ఆటగాడు భోజనానికి కూడా లేవలేదు. ఆడండి అని రాశాను.

మా శీర్షికలో మార్కులుండవు, నక్షత్రాలుండవు, నీకు తెలుసు. ఆడండి, ఆగండి, వదిలేయండి, ఈ మూడు మాటలే. ఆగండి అన్నది ఎడిటరు గారు ముచ్చటపడి పెట్టించింది. నేనింతవరకు వాడలేదు, మనిషన్నాక ఏదో ఒక అభిప్రాయం ఉండాలి.

నీ కొత్త ఆట మాకే పంపుతున్నారట. ముందే చెబుతున్నాను, ఆడపడుచువని చూడను.

నీ వదిన

*

స్టూడియో, మూడో అంతస్తు, కిటికీ లేని గది
శుక్రవారం

వదినా,

రాజుగారి పిల్లుల సంగతి చదివి మా గదిలో అందరం పడీపడీ నవ్వాం. ఆ ఆట చేసినవాడు ఒకప్పుడు మాతోనే ఉండి, మమ్మల్ని నానా మాటలూ అని వెళ్ళిపోయాడు కాబట్టి ఇంకో రెండు నవ్వులు ఎక్కువే నవ్వాం. అక్కడితో నవ్వడం అయిపోయింది.

అసలు ఎవరు వదినా ఆ మామూలు ఆటగాడు? ప్రతి వారం నువ్వు పేజీ నిండా రాస్తావు, చివర్లో ఆ పెద్దమనిషి ఒక్క ముక్క అంటాడు, ఆ ముక్కతో మా కొంపలు మునుగుతాయి. గుర్రాల పందెం ఆటకి డెక్కల చప్పుడు చేసింది నేను. గడ్డి మీద ఒక రకం, రాళ్ళ మీద ఒక రకం, బురదలో ఒక రకం. కొబ్బరి చిప్పలు కొట్టీ కొట్టీ నా అరచేతులు కాయలు కాశాయి. అదంతా విని ఆయనగారు అన్నదేమిటి? "గుర్రానికి నడుం నొప్పి ఉన్నట్టుంది." వదిలేయండి! డెక్కల గురించి ఒక్క మాట లేదు. ఆ గుర్రాల ఆట ఒక్కటే కాదు, ఇన్నేళ్ళలో ఏ ఆట గురించైనా సంగీతం బాగుందనో, చప్పుళ్ళు బాగాలేవనో ఆయన అన్న పాపాన పోలేదు. మా స్టూడియోలో మీ శీర్షిక రాగానే శబ్దాల వాళ్ళం పక్కకి పోయి టీ తాగుతాం, మన ఊసు ఎలాగూ ఉండదని. ఆ మనిషికి చెవులున్నాయా అసలు?

ఈసారి తప్పించుకోలేడు. నా ఆట పేరు "అలికిడి". ఇది మొదటిసారి పూర్తిగా నా చేతికి వచ్చిన ఆట. కరెంటు పోయిన ఇల్లు, చీకటి. ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మని వెతుక్కుంటూ గది గదీ దాటాలి. తెర మీద దాదాపు ఏమీ కనపడదు. కారే కుళాయి, గోడ గడియారం, తలుపు కిర్రు, కుట్టు మిషను, వీటి చప్పుడు ఎటునుంచి వస్తోందో విని అటు నడవాలి. మా బొమ్మలాయన కనీసం ఒక బాణం గుర్తు పెడదామని, చప్పుడు పేరు అక్షరాల్లో వేద్దామని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ససేమిరా అన్నాను. వినడం రానివాళ్ళ కోసం కాదు ఈ ఆట అని చెప్పాను.

ఇక దాచకుండా చెబుతున్నాను. మా యజమాని నన్ను పిలిచి, మీ పత్రికలో వదిలేయండి అని వస్తే ఈ జట్టుని విడదీస్తానన్నాడు. నేను మళ్ళీ పాత బల్ల దగ్గరికి పోయి ఇంకొకళ్ళ ఆటల్లో బటన్ నొక్కితే వచ్చే టిక్కు టిక్కులు చేసుకోవాలి. నాకు జాలి అక్కర్లేదు. చెవులు పెట్టుకుని ఆడించు, అంతే.

అమ్మని అడిగానని చెప్పు.

నీ మరదలు

*

ఇల్లు, అదే హాలు
బుధవారం

అమ్మడూ,

ఆట అందింది. ఎడిటరు గారితో ఇది మా ఆడపడుచు ఆట, వేరేవాళ్ళకివ్వండి అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, "చివరి మాట నీది కాదుగా, మామూలు ఆటగాడిది. అందుకే కదమ్మా జనం మనల్ని నమ్ముతున్నారు. నువ్వు నీ సొంత పైత్యం కలపనంతవరకు నాకు అభ్యంతరం లేదు" అన్నారు. ఇన్నేళ్ళ నా రాతలకి సొంత పైత్యమని పేరు పెట్టారు, చూశావా!

మామూలు ఆటగాడు ఎవరో చెప్పను. మాటిచ్చాను. అడిగి ఉపయోగం లేదు.

ఈ వారం ఒక ఫుట్‌బాల్ ఆట, ఒక దయ్యాల ఆట వచ్చాయి. ఫుట్‌బాల్ ఆట నిరుడు వచ్చినదే, చొక్కాల రంగు మార్చారు. దయ్యాల ఆటలో దయ్యం తలుపు చాటునుంచి రావడం బాగానే ఉంది గానీ, ప్రతి తలుపు చాటునుంచీ అదే వస్తుంది. నాలుగో తలుపు దగ్గర మామూలు ఆటగాడు "ఉండమ్మా, వస్తున్నా" అనేసరికి నేను నవ్వలేక చచ్చాను. రెండూ వదిలేయండి.

నీది రేపు మొదలుపెడతాం. అత్తయ్య కులాసాయే.

వదిన

*

స్టూడియో, మెట్ల మీద కూర్చుని
నెల మధ్యలో

వదినా,

పోయిన వారం పత్రిక చూశాను. అలికిడి లేదు. పోన్లే అనుకున్నాను. ఈ వారమూ చూశాను. అందులో పడవల ఆట మీద రెండు పేజీలు రాశావు, చేపలు ఎదురు ఈదుతున్నాయని అర పేజీ దెప్పావు. నా ఆట ఊసే లేదు! వేరే పత్రికలన్నీ మీ తీర్పు కోసం కాచుకుని కూర్చున్నాయి. మా యజమాని రోజూ వచ్చి నా కుర్చీ వెనక నిలబడుతున్నాడు. ఏమీ అనడు, ఊరికే నిలబడతాడు.

బాగాలేకపోతే బాగాలేదని రాయి. నేను చచ్చిపోను. ఈ నాన్చుడు మాత్రం నా వల్ల కాదు.

నీ మరదలు

*

ఇల్లు
ఆదివారం

అమ్మడూ,

నాన్చడం నాకూ సరదా కాదు. రాయడానికి కూర్చుంటున్నాను, లేస్తున్నాను. ఎడిటరు గారు ఫోన్ చేస్తే ఒకసారి మణికట్టు నొప్పి అన్నాను, ఇంకోసారి కరెంటు లేదన్నాను. చీకటింటి ఆటకి కరెంటు లేదన్న సాకు బాగా కుదిరిందని ఆయన ఎత్తిపొడుపు.

ఒక్క సంగతి అడుగుతాను, ఎందుకని అడక్కుండా జవాబు రాయి. నువ్వు ఫోన్ చేసినప్పుడు అత్తయ్య నీతో ఏం మాట్లాడతారు? ఎంతసేపు మాట్లాడతారు?

వదిన

*

స్టూడియో
మంగళవారం, పట్టరాని కోపంతో

వదినా,

నేను తీర్పు అడిగితే నువ్వు మా అమ్మ ఫోన్ సంగతి అడుగుతావా? ఇదేం విడ్డూరం?

సరే, రాస్తున్నాను. అమ్మ మొదటినుంచీ ఫోన్లో అంతంత మాత్రమే. "ఆఁ, తిన్నావా, ఒంట్లో బాగుందా, సరే ఇదిగో వదినకిస్తున్నా" అంటుంది, అంతే. నేను ఏదైనా అడిగితే దానికి జవాబుండదు, మళ్ళీ "తిన్నావా" అంటుంది. ఈమధ్య అదీ తగ్గింది. నా మీద కోపమేమో అనుకున్నాను. పెళ్ళి మాటెత్తితే విసుక్కుంటానని మాట్లాడడం మానేసిందనుకున్నాను. నాకూ కష్టంగానే ఉంది, ఎవరికి చెప్పుకోను?

ఇప్పుడు చెప్పు. దానికీ నా ఆటకీ సంబంధమేమిటి?

*

ఇల్లు, వంటింటి బల్ల
గురువారం

అమ్మడూ,

కూర్చుని చదువు. మెట్ల మీద వద్దు.

మామూలు ఆటగాడు మీ అమ్మ.

ఇంకో వాక్యం చదివేముందు నువ్వు ఏం అరుస్తావో నాకు ఇక్కడికి వినపడుతోంది. నా చెయ్యి విరిగి కట్టు కట్టిన ఏడాది గుర్తుందా? పత్రికకి గడువు మీద పడింది, నేను కంట్రోలరు పట్టుకోలేను. నేను ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే అత్తయ్య వచ్చి, "ఏది నొక్కాలో చెప్పవే. కుట్టు మిషను కంటే కష్టమా?" అని లాక్కున్నారు. అది కోటలు కట్టే ఆట. ఆడి, పక్కన పెట్టి, "ఈ కోటకి మెట్లు లేవు, వీళ్ళు పైకెలా ఎక్కుతారు?" అన్నారు. అన్ని పత్రికల్లో అన్ని విమర్శల్లోనూ ఎవరికీ తోచని మాట అది. ఎన్నో ఆటలాడి ఆడి మా విమర్శకుల చేతులు పాడైపోయాయి, అమ్మడూ, తప్పు కనపడగానే చేతులే సర్దుకుపోతాయి. ఆవిడ సర్దుకోరు. ఎడిటరు గారు ఎగిరి గంతేశారు. అప్పటినుంచి చివరి మాట ఆవిడదే. నీకు చెప్పనివ్వలేదు. "దానికి తెలిస్తే దాని ఆటలు వచ్చినప్పుడు నేను నిజం చెప్పలేను. తెలియకపోతే చెప్తాను" అన్నారు. కాబట్టి గుర్రానికి నడుం నొప్పి ఉందన్నది మీ అమ్మ. తిట్టుకో, నేను అడ్డం రాను.

అలికిడి వచ్చిన రోజు ఆవిడ హడావుడి చూడాలి. కళ్ళజోడు రెండుసార్లు తుడిచారు. కుర్చీ ముందుకి జరిపారు. నేను వెనక కూర్చున్నాను. మొదటి గది, కుళాయి కారుతోంది. ఏదో తడుముకుంటూ అదృష్టం కొద్దీ తలుపు దొరికింది. రెండో గదిలో ఇరుక్కుపోయారు. కుట్టు మిషను చప్పుడు ఎడమవైపు నుంచి హాలంతా నిండిపోతోంది, పక్కింటివాళ్ళకి కూడా వినపడి ఉంటుంది. అత్తయ్య పిల్లని కుడివైపుకి తిప్పి గోడకేసి నడిపిస్తున్నారు. నడిపిస్తూనే ఉన్నారు. నేను నెమ్మదిగా, "ఎటునుంచైనా ఏమైనా వినిపిస్తోందా అత్తయ్యా?" అన్నాను. వెనక్కి తిరగలేదు, జవాబు లేదు. ముందుకి వచ్చి మొహం చూసి మళ్ళీ అడిగాను. "వినడానికేముంది? చీకటి" అన్నారు.

వరసగా ఎన్నో మధ్యాహ్నాలు ఆడారు అమ్మడూ. వద్దన్నా వదల్లేదు. చివరికి కంట్రోలరు ఒళ్ళో పెట్టుకుని, "పిల్ల ఆట కదా అని అబద్ధం చెప్పను. ఇందులో ఏమీ లేదు. వదిలేయమను" అన్నారు. లేచి లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు. నీ ఆట బాగాలేదని చెప్పాల్సి వచ్చినందుకు ఏడ్చారు. ఎందుకు బాగాలేదో ఆవిడకి తెలీదు, నాకు తెలుసు.

టీవీ సౌండు పెంచితే నేను విసుక్కునేదాన్ని. మీ అన్నయ్య పిలిస్తే పలక్కపోతే మొండితనం అనుకునేవాళ్ళం. ఆవిడతో సహా మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉండి కనుక్కోలేకపోయాం, నీ ఆట రెండో గదిలో కనుక్కుంది. ఏళ్ళ తరబడి బట్టల కార్ఖానాలో వంద కుట్టు మిషన్ల మధ్య కూర్చుని పాడైన చెవులవి. ఇన్ని ఆటలు ఎలా ఆడారంటావా? కళ్ళతో. అందుకే ఆవిడ నోట సంగీతం మాట ఎప్పుడూ రాలేదు. చెవులున్నాయా అని నువ్వు అడిగిన ఉత్తరం నా దగ్గరే ఉంది, ఆ రోజు నవ్వుకుని మడిచి పెట్టాను.

ఇప్పుడు నా గతి చూడు. నా మటుకు నాకు అలికిడి ఈ ఏడు నేను ఆడిన ఆటలన్నిటిలోకీ మేలైనది, పొగడ్త కాదు. కానీ చివరి మాట నాది కాదు. ఆవిడ మాట కాదని ఆడండి అని రాస్తే, ఇన్నేళ్ళలో మొదటిసారి నియమం తప్పింది ఆడపడుచు కోసమని ఎడిటరు గారు నా ఉద్యోగం ఊడబీకుతారు, అది న్యాయమే. ఆవిడ మాట వేస్తే నీ జట్టు పోతుంది. ఎందుకలా అన్నారో రాస్తే మీ అమ్మ లోపాన్ని లోకమంతా చదువుతుంది, ఆవిడ ఒప్పుకోక ముందే. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. నాకు దిక్కు తోచడం లేదు.

వదిన

*

స్టూడియో, కిటికీ లేని గది
వారం తర్వాత

వదినా,

నీ ఉత్తరం చదివాక మొదట నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ నేను ఎవరినైతే మనసులో చితకబాదానో అది మా అమ్మా? మా జట్టంతా గోడ మీద మామూలు ఆటగాడి బొమ్మ గీసి, దానికి మీసాలు పెట్టి, మధ్యాహ్నాలు కాగితం ఉండలు విసిరేవాళ్ళం! నాకంటే ఎక్కువ గురి ఎవరికీ లేదు. నువ్వు నాకు ముందే చెప్పి ఉండాల్సింది. నీ మీద కూడా చాలా కోపంగా ఉంది, అది తర్వాత తేల్చుకుందాం.

ఆ కోపం సాయంత్రానికి దిగిపోయింది. ఇంకొకటి ఎక్కింది. "ఇదిగో వదినకిస్తున్నా" అంటుంటే అమ్మకి నేనంటే విసుగు అనుకుని నేను కూడా ఫోన్లు తగ్గించేశాను. నేను శబ్దాలతో బతికేదాన్ని వదినా. పక్క గదిలో ఎవరైనా చెప్పులు మారిస్తే కనిపెడతాను. మా అమ్మకి నా గొంతు అందడం లేదని కనిపెట్టలేకపోయాను.

బొమ్మలాయన దగ్గరికెళ్ళి, నువ్వు చెప్పింది రైటు, నేను చెప్పింది తప్పు అన్నాను. ఆయన వెంటనే విర్రవీగుతాడనుకున్నా. కుర్చీ లాగి కూర్చోమన్నాడు. మా అమ్మ అని చెప్పలేదు. వినపడనివాళ్ళు ఆడితే ఏమవుతుందని మాత్రం అడిగాను. గోడకేసి నడుస్తారు అన్నాడు. ఆయనకి మొదటినుంచీ తెలుసు.

ఆడండి అని రాయకు. జాలి తలచి రాస్తే నీ మొహం చూడను. మేం ఆటని మారుస్తున్నాం. ప్రతి చప్పుడూ తెర మీద వెలుగు అలలా కదులుతుంది, కంట్రోలరులో వణుకు కూడా పుడుతుంది, కుళాయికి ఒక రకం, గడియారానికి ఒక రకం, మిషనుకి ఒక రకం. చేత్తో పట్టుకుంటే ఎటునుంచో తెలియాలి. యజమానితో చెప్పాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు, అమ్మకానికి పెట్టిన సరుకుని మళ్ళీ విప్పుతావా అన్నాడు. విప్పుతాను, లేకపోతే నన్ను ఇప్పుడే పాత బల్లకి పంపండి అన్నాను. గుర్రుగా చూసి వెళ్ళాడు. ఇంకా పంపలేదు.

నీకు చేతనైతే మాకు కొంచెం గడువు సంపాదించు. అమ్మకి ఏమీ చెప్పకు.

నీ మరదలు

*

ఇల్లు, హాలు
మరుసటి నెల మొదట్లో

అమ్మడూ,

పత్రిక పంపుతున్నాను, చూడు. నా జన్మలో మొదటిసారి ఆగండి అని రాశాను. "ఈ ఆట అద్భుతంగా వినిపిస్తుంది. వినలేనివాళ్ళకి ఏమీ చెప్పదు. తయారుచేసినవాళ్ళు ఆ సంగతి తెలుసుకుని దిద్దుతున్నారు. దిద్దేదాకా ఆగండి. మామూలు ఆటగాడు మళ్ళీ ఆడతాడు." ఇంతే రాశాను. ఎడిటరు గారు, "ఇన్నాళ్ళకి నా మాట వాడావు" అని సంబరపడి, ఆ వెంటనే "దిద్దకపోతే?" అన్నారు. దిద్దకపోతే వదిలేయండి అని నేనే రాస్తానన్నాను. నిజంగానే రాద్దును.

నీ కొత్త కూర్పు నిన్న వచ్చింది. మధ్యాహ్నం అత్తయ్యకి కంట్రోలరు ఇచ్చాను. "మళ్ళీ ఎందుకే? చెప్పాగా" అని విసుక్కున్నారు. మారింది, చూడండి అన్నాను. రెండో గదికి వచ్చారు. పిల్లని కుడివైపుకి తిప్పబోయి ఆగిపోయారు. చేతుల్లోకి చూసుకున్నారు. మెల్లగా ఎడమకి తిప్పారు, వణుకు పెరిగింది. ఇంకా తిప్పారు, ఇంకా పెరిగింది.

"ఇది మిషను" అన్నారు.

"అవును అత్తయ్యా."

"ఇంతకుముందు కూడా ఉందా?"

అబద్ధం ఆడబుద్ధి కాలేదు. ఎదురుగా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, "ఉంది. మొదటినుంచీ ఉంది" అన్నాను.

"నీకు వినపడిందా?"

"వినపడింది."

తిడతారనుకున్నాను. "అడ్డం లే, తెర కనపడటం లేదు" అన్నారు. గది తర్వాత గది దాటుతూ పోయారు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, నేను లేవలేదు.

ఈ సాయంత్రం కాగితం అడిగి తీసుకుని లోపల కూర్చున్నారు. నీకే అనుకుంటాను. నన్ను చూడనివ్వలేదు. చివరి గదిలో నన్నొకటి అడిగారు, చెప్పాను, అంతే. తీర్పు ఆవిడనే అడుగు.

వదిన

*

ఇల్లు

ఏమే,

మీ వదిన నీకు ఉత్తరాలు రాస్తోందని నాకు తెలుసు. కళ్ళు బాగానే ఉన్నాయి. నా గురించి మీరిద్దరూ పేజీలు పేజీలు రాసుకోవడం, నన్ను పక్కన పెట్టడం ఏం మర్యాద? నాకు చెవుడేమిటని పోట్లాడదామనుకున్నాను. మీరందరూ గొణుగుతారు, ఈ కాలం మనుషులకి నోరు తెరిచి మాట్లాడటం రాదు, అదే నా నమ్మకం. నీ ఆట ఆ నమ్మకం పోగొట్టింది. అందుకని నీ మీద కొంచెం కోపంగానే ఉంది.

గుర్రాల ఆట గురించి నేనన్న మాట వెనక్కి తీసుకోను. ఆ గుర్రానికి నిజంగానే నడుం నొప్పి.

ఇక ఇది. మొదటి గదిలో కుళాయి వణుకు మరీ సన్నం, నాలాంటి బండ చేతులకి అందదు, కాస్త పెంచు. గడియారం బాగుంది. మూడో గదిలో బల్ల కోణం పిల్ల కాలికి తగులుతుంది, ప్రతిసారీ తగులుతుంది, తీసి పక్కన పెట్టు. మిషను మాత్రం సరిగ్గా ఉంది. పాదం నొక్కితే మొదట తడబడి, తర్వాత పరిగెత్తే మిషను మనదే. దాని చప్పుడు ఎప్పుడు పట్టుకెళ్ళావే నాకు తెలియకుండా?

చివరి గదిలో అన్నీ ఆగిపోయి ఇంకేదో మొదలైంది. కుళాయి కాదు, గడియారం కాదు, మిషను కాదు. చేతుల్లో ఊగుతున్నట్టుంది, పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. తెర మీద వెలుగు కూడా అలాగే ఊగుతోంది. ఇదేమిటే అని మీ వదినని అడిగాను. అది మాట దాటేసింది. గట్టిగా అడిగితే, "మీరే అత్తయ్యా. కుడుతున్నప్పుడు మీరు తీసే కూనిరాగం" అంది.

నేను కుట్టేటప్పుడు కూనిరాగం తీస్తానా? ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ చెప్పలేదు. ఇప్పుడూ తీస్తున్నానా అని అడిగితే, రోజూ తీస్తారు అంది. నేను పాడుతున్నానని నాకే తెలీదు. ఇల్లంతా విన్నారు, నేను తప్ప. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. సంతోషమో ఏమిటో తెలీదు, చాలాసేపు ఏడ్చాను.

తీర్పు మీ వదినకి చెప్పేశాను, ఆడండి అని. చివరి తలుపు తియ్యకుండా ఆడండి అనకూడదట, అది వాళ్ళ రూలట. రూలు పెట్టింది నాకోసమేగా, నేనే తీసేశానన్నాను. తలుపు కనపడింది, ఎదురుగానే ఉంది. తియ్యలేదు. శనివారం చెవుల డాక్టరు దగ్గరికి మీ అన్నయ్య తీసుకెళ్తానన్నాడు. చెవికి పెట్టే మిషనేదో ఇస్తారట, అలవాటు కావడానికి రోజులు పడుతుందట. పట్టనీ. ఆ గొంతు నేను విన్నాకే తలుపు తీస్తాను. అప్పటిదాకా పిల్లని ఆ గదిలోనే ఉంచాను. దానికి భయం వెయ్యదులే, వాళ్ళమ్మ పాడుతూనే ఉందిగా.

అమ్మ